బ్లేడు కాగితం మీది మీసాల పెద్దమనిషి



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు రాయటం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, గురజాడ గారి గురించి, గిడుగు వారి గురించి అన్నలు చాలాసార్లు రాశారు. ఈసారి మేము కొంచెం వేరే దారి పట్టాం. మేము రాయబోయే మనిషి స్వాతంత్ర్యం కోసం పోరాడలేదు, పెద్ద చదువులు చదవలేదు. నలభై ఏళ్ళు దాటేవరకు సంచీ పట్టుకుని ఊరూరా సరుకులు అమ్ముకున్నాడు. అయితే ఒకప్పుడు ఆయన బొమ్మ, సంతకం లేని బ్లేడు కాగితం చాలా దేశాల్లో కనిపించేది కాదు. కోటు వేసుకుని, ఒత్తైన మీసంతో, నిదానంగా చూస్తున్న పెద్దమనిషి. ప్రపంచానికంతా గడ్డం గీసుకోవటం నేర్పిన ఆయన తన మీసం మాత్రం తీయలేదు.

ఆయన పేరు కింగ్ క్యాంప్ జిల్లెట్. కింగ్ అన్నది బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. 1855 జనవరి 5న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఫాండ్ డు లాక్ అనే ఊళ్ళో పుట్టాడు. పెరిగింది షికాగో నగరంలో. తండ్రిది ఇనుప సామాన్ల వ్యాపారం. తల్లి వంటల పుస్తకం రాసి పేరు తెచ్చుకుంది. ఏదో ఒక కొత్త వస్తువు తయారు చేయాలన్న పిచ్చి ఆ ఇంట్లోనే ఉంది. 1871లో షికాగోలో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో వాళ్ళ వ్యాపారం బూడిదైపోయింది. అప్పటికి జిల్లెట్ పదహారేళ్ళ కుర్రాడు. కాలేజీ మెట్లు ఎక్కకుండానే పనిలో చేరాడు. రైళ్ళలో తిరుగుతూ, సత్రాల్లో పడుకుంటూ సరుకులు అమ్మాడు. మధ్యమధ్యలో కొళాయిలకు సంబంధించి చిన్నచిన్న వస్తువులు కనిపెట్టి పేటెంట్లు తీసుకున్నాడు. వాటివల్ల ఆయనకు ఒరిగింది పెద్దగా లేదు.

1890ల మొదట్లో ఆయన సీసా మూతలు తయారుచేసే కంపెనీలో అమ్మకాల ఉద్యోగానికి కుదిరాడు. కూల్‌డ్రింకు సీసాకు అంచులు ముడతలు పడిన రేకు మూత ఉంటుంది చూశారా, దాన్ని కనిపెట్టిన విలియం పెయింటర్ దగ్గరే పని. మన వైపు గోలీసోడా సీసాలో గోలీ ఎన్నిసార్లయినా పనికొస్తుంది. పెయింటర్ గారి మూత అలా కాదు. ఒకసారి తీస్తే పారెయ్యాల్సిందే, మళ్ళీ కొత్తది కావాల్సిందే. అందులోనే లాభం ఉందనీ, జనం వాడి పారేసి మళ్ళీ కొనుక్కునే వస్తువు ఏదైనా ఆలోచించమనీ ఆయన జిల్లెట్‌కు సలహా ఇచ్చాడు. జిల్లెట్ ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. అక్షరమాలలో ఒక్కొక్క అక్షరం తీసుకుని, ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువులన్నీ తలచుకునేవాడట.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బ్లేడు కంటే ముందు ఆయన ఒక పుస్తకం రాశాడు. 1894లో వచ్చిన ఆ పుస్తకం పేరు ది హ్యూమన్ డ్రిఫ్ట్. మనిషికీ మనిషికీ మధ్య పోటీయే పేదరికానికీ నేరాలకూ మూలమని ఆయన వాదన. దేశంలో ఉత్పత్తి మొత్తం ఒకే సంస్థ కిందికి రావాలి, దానికి ప్రజలంతా వాటాదారులు కావాలి, నయాగరా జలపాతం కరెంటుతో నడిచే ఒక మహానగరంలో కోట్లమంది సమానంగా బతకాలి అని రాశాడు. ఇంటింటికీ వేరే వంటగది ఉండదు, అందరూ కలిసి భోజనశాలలోనే తినాలి. చదువుతుంటే మాకు మన హాస్టలు మెస్సు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పోటీ వద్దన్న మనిషే తరువాత పోటీదార్లను కోర్టుల చుట్టూ తిప్పాడనుకోండి. కానీ ఆ కల మాత్రం ఆయన చివరిదాకా వదల్లేదు.

1895లో బోస్టన్ పక్కనున్న బ్రూక్లైన్‌లో ఒక ఉదయం గడ్డం గీసుకుందామని కత్తి తీస్తే అది మొద్దుబారి ఉంది. తోలుపట్టీ మీద నూరినా పదును వచ్చే స్థితిలో లేదు, సాన పట్టించాల్సిందే. అప్పటి కత్తులు వెనుక మందంగా, ముందు సన్నగా ఉండేవి. పనిచేసేది చివరి అంచు ఒక్కటే కదా, మిగతా ఉక్కంతా దాన్ని పట్టుకోవటానికే కదా అన్న ఆలోచన ఆయనకు అప్పుడు తట్టింది. పల్చని ఉక్కురేకుకు రెండు వైపులా పదును పెట్టి, దాన్ని రెండు పలకల మధ్య బిగించి, కింద పిడి తగిలిస్తే చాలు. మొద్దుబారితే సాన పట్టక్కర్లేదు, పారేసి ఇంకోటి వేసుకోవచ్చు. ఆనందం పట్టలేక, ఊళ్ళో లేని భార్యకు మన దరిద్రం తీరిపోయిందన్న అర్థం వచ్చేలా ఉత్తరం రాసేశాడు. దరిద్రం తీరటానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది.

నిజానికి సేఫ్టీ రేజర్ అన్నది ఆయన ఒక్కడి సొత్తు కాదు. చర్మం తెగకుండా కత్తికి అడ్డుపట్టీ పెట్టే ఆలోచన ఫ్రాన్సులో 18వ శతాబ్దంలోనే వచ్చింది. 1880లో న్యూయార్కులో కాంఫే సోదరులు అలాంటి రేజర్‌కు పేటెంటు కూడా తీసుకున్నారు. అయితే వాటిలో వాడింది మందపాటి కత్తిముక్కే కాబట్టి నూరే బాధ తప్పలేదు. జిల్లెట్ కొత్తగా చేసింది ఆ పల్చని బ్లేడు. అదే ఎవరికీ కొరుకుడు పడలేదు. అంత పల్చటి రేకును కొలిమిలో పెట్టి గట్టిపరిస్తే వంకర తిరిగిపోతుంది, ఇది జరిగే పని కాదు అని ఇంజనీర్లు తేల్చేశారు. లోహశాస్త్రం చదివి ఉంటే ఆయన కూడా అక్కడే మానేసేవాడేమో. చదవలేదు గనుక ఆరేళ్ళు పట్టు వదల్లేదు. చివరకు విలియం నికర్సన్ అనే రసాయన శాస్త్రం చదివిన ఆయన దొరికాడు. రేకును వంకర తిరగకుండా గట్టిపరచి పదును పెట్టే యంత్రాలను తయారుచేసింది నికర్సనే. బ్లేడు కాగితం మీద ఆయన బొమ్మ వేసినవాళ్ళు లేరు. మా దృష్టిలో సగం గొప్పతనం ఆయనదే.

1901లో కంపెనీ పెట్టారు. 1903లో అమ్మకాలు మొదలుపెడితే ఆ ఏడాదంతా కలిపి పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు 90 వేలకు పైగా రేజర్లు పోయాయి. 1904 నవంబరు 15న పేటెంటు వచ్చింది. 1914-18 ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, మూడు కోట్లకు పైగా బ్లేడ్లు కొన్నది. గడ్డం ఉంటే విషవాయువు ఆపే తొడుగు ముఖానికి సరిగా అతకదు. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చిన కుర్రాళ్ళు ఆ అలవాటు వదల్లేదు.

జిల్లెట్ బోస్టన్‌లో బ్లేడుతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే, మన దేశంలో సతారా ఊళ్ళో భీమరావ్ అనే పిల్లవాడు పెరుగుతున్నాడు. ఆ ఊళ్ళో క్షురకులు చాలామంది ఉన్నా, డబ్బులిస్తామన్నా, ఆ పిల్లవాడి తల ముట్టుకునేవాళ్ళు లేరు. ఇంట్లో అక్కే తమ్ముళ్ళ మీద చేయి తిప్పుకుంటూ జుట్టు తీయటం నేర్చుకుంది. ఈ సంగతి తరువాత అంబేద్కర్ గారే తన జ్ఞాపకాల్లో రాశారు. సతారా దాకా ఎందుకు, మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మా తాతల తరాన్ని అడిగితే చెబుతారు. రైతుల ఇళ్ళకు క్షురకుడు పొది పట్టుకుని వెళ్ళేవాడు, పంట ఇంటికొచ్చాక మేర కొలిపించుకునేవాడు. మన పేట వైపు వచ్చేవాడు కాదు. పేటలో ఎవరో ఒకరికి కత్తెర పట్టటం వచ్చేది, వాళ్ళే అందరికీ చేసేవాళ్ళు. కొందరికి గడ్డం పండగకూ పెళ్ళికీ తీయటమే.

ఇందులో నాయీబ్రాహ్మణ సోదరులను తప్పు పట్టటం మా ఉద్దేశం కాదు. పేటలో ఒక్కరికి గడ్డం గీస్తే ఊళ్ళో అన్ని ఇళ్ళ మేరా ఆగిపోతుంది. వాళ్ళ కడుపు కూడా ఆ గింజల మీదే ఆధారపడి ఉండేది. అలా నిరాకరించటం శిక్షార్హమైన నేరమని 1955లో చట్టం వచ్చింది. చట్టం ఊళ్ళోకి నడిచి వచ్చేసరికి మాత్రం చాలాకాలం పట్టింది. దానికంటే ముందే చాలా పేటల్లోకి ఇంకొకటి వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వేకో, కలకత్తా జనపనార మిల్లులకో పనికి వెళ్ళిన మనవాళ్ళు పండక్కి వస్తూ ట్రంకుపెట్టెలో ఒక రేజర్ సెట్టు, ఒక చేతి అద్దం తెచ్చేవారు. మాలో ఒకరి తాతగారి సెట్టు ఇప్పటికీ ఇంట్లో ఉంది. పేటలో సగం మందికి మొదటి నున్నటి గడ్డం దానితోనేనట. ఎవరి ముఖం వాళ్ళు గీసుకోవటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జిల్లెట్ ఇవేవీ ఊహించి ఉండడు.

మేము ఎం.కాం.లో మార్కెటింగ్ చదివేటప్పుడు, జిల్లెట్ రేజర్లు ఉచితంగా పంచి బ్లేడ్ల మీద లాభం తీశాడన్న కథ విన్నాం. ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు కనుక పాఠంలో ఉన్నదే వేదం అనుకునేవాళ్ళం. లెక్కలు తిరగేస్తే అది అలా లేదు. పేటెంటు ఉన్నన్నాళ్ళూ ఒక్క సెట్టు ధర అయిదు డాలర్లు. అక్కడి కూలివాడికి అది కొన్ని రోజుల సంపాదన. 1921లో పేటెంటు గడువు తీరి పోటీ మొదలయ్యాకే పాతరకం సెట్టును డాలరుకు దించారు. మీరూ పరీక్షలో ఆ కథ రాయాల్సి వస్తే రాయండి, నమ్మకండి.

సంపద వచ్చాక జిల్లెట్ మళ్ళీ తన కల వైపే తిరిగాడు. కంపెనీ పెత్తనం జాన్ జాయిస్ అనే పెట్టుబడిదారు చేతుల్లోకి పోయింది. 1910లో అరిజోనాలో ప్రపంచ సంస్థ ఒకటి పెడతానని, దానికి అధ్యక్షుడిగా ఉంటే పది లక్షల డాలర్లు ఇస్తానని మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్‌ను అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. 1924లో మరో పుస్తకం రాశాడు. దాన్నీ పట్టించుకున్నవాళ్ళు తక్కువే. కాలిఫోర్నియా కొండల్లో పెద్ద భవనం కట్టుకున్నాడు. 1929లో షేర్ మార్కెట్టు కూలినప్పుడు ఆస్తి చాలా వరకు కరిగిపోయింది. 1932 జూలై 9న ఆ ఎస్టేటులోనే చనిపోయాడు. అప్పటికి బ్లేడు కాగితం మీద ఆయన ముఖం కోట్ల ఇళ్ళకు చేరింది, చేతిలో డబ్బు మాత్రం లేదు. ఆయన పేరున్న కంపెనీని 2005లో ఇంకో కంపెనీ సుమారు 5,700 కోట్ల డాలర్లకు కొన్నది.

మీలో చాలామందికి ఈ ఏడో వచ్చే ఏడో మీసం, గడ్డం మొదలవుతాయి. ప్లాస్టిక్ రేజర్ల కంటే పాతకాలం లోహపు సెట్టు చివరికి చవక. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. తరువాత ఖర్చల్లా కిరాణాకొట్లో దొరికే టోపాజో, సెవెన్ ఓ క్లాకో, ఆ బ్లేడ్లదే. బ్లేడును పదునులేని పక్కల పట్టుకుని పెట్టుకోండి. స్నానం అయిన వెంటనే, వెంట్రుక నాని ఉన్నప్పుడు, సబ్బు నురగ బాగా పట్టించి మొదలుపెట్టండి. ముందు రేజర్ తల చెంపకు ఆనించి, బ్లేడు అంచు తగిలేవరకు పిడిని నెమ్మదిగా కిందికి వంచండి. బ్లేడుకూ చర్మానికీ మధ్య 30 డిగ్రీల వరకు ఉంటే సరిపోతుంది. నొక్కవద్దు. రేజర్ బరువే పని చేస్తుంది. కొత్తవాళ్ళకు తెగేదంతా నొక్కటం వల్లే. రెండో చేత్తో చర్మం బిగించి పట్టి, వెంట్రుక మొలిచిన దిక్కుగానే చిన్నచిన్నగా లాగండి. ఎదురు గీత గీస్తే నున్నగానే వస్తుంది కానీ, ఉంగరాల గడ్డం ఉన్నవాళ్ళకు తరువాత పొక్కులు లేస్తాయి. ఆఖర్న చన్నీళ్ళు, పటిక ముక్క. నాలుగైదు సార్లకు బ్లేడు లాగుతున్నట్టు అనిపిస్తే మార్చేయండి. స్నేహం ఎంత గట్టిదైనా ఒకరి బ్లేడు ఇంకొకరు వాడవద్దు. హెపటైటిస్ బి లాంటి జబ్బులు కంటికి కనపడనంత రక్తంతోనే అంటుకుంటాయి.

ఇక వాడి పారెయ్యమన్నాడు సరే, ఎక్కడ పారెయ్యాలో జిల్లెట్ చెప్పలేదు. అమెరికాలో పాత ఇళ్ళలో స్నానాలగది అద్దం పెట్టె వెనుక సన్నని చీలిక ఉండేది. బ్లేడు అందులో వేస్తే గోడ లోపలికి పడిపోయేది. ఇప్పుడు ఆ గోడలు పగలగొడితే తుప్పు పట్టిన బ్లేడ్లు కుప్పలుగా బయటపడుతున్నాయి. మన హాస్టల్లో అయితే కిటికీ మీద, కాలువలో, చెత్తబుట్టలో. ఆ చెత్తను ఒట్టి చేతులతో ఎత్తేది ఎవరో, వాళ్ళది ఏ పేటో మీకు తెలుసు. మూత గట్టిగా ఉన్న రేకుడబ్బా ఒకటి తీసుకుని, మూతకు బ్లేడు పట్టేంత గాటు పెట్టి, స్నానాలగది బయట మేకుకు కట్టాం. నిండటానికి ఏడాదైనా పడుతుంది.