రీల్స్‌కి ముందే భార్యాభర్తల కామెడీ.. తెనాలి ముద్దుబిడ్డ మునిమాణిక్యం కథ ఇదీ

ఫోన్ తెరిస్తే చాలు.. మొగుడూ పెళ్లాల కామెడీ వీడియోలే. భర్త ఏదో గొప్పగా అంటాడు. భార్య ఒక్క ముక్కతో గాలి తీసేస్తుంది. వెనక నవ్వుల సౌండ్. ఇదేం కొత్త కాదు. టీవీ కూడా లేని రోజుల్లోనే ఓ బడిపంతులు ఇదే పని కథల్లో చేసి తెలుగువాళ్లను కడుపుబ్బా నవ్వించారు. ఆయనే మునిమాణిక్యం నరసింహారావు. ఆ కథల్లోని ఇల్లాలి పేరు కాంతం.

1898 మార్చి 15న తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టారాయన. గుంటూరు నుంచి తెనాలి రైలెక్కితే దారిలో తగులుతుంది ఆ ఊరు. ఇప్పుడంటే బాపట్ల, రేపల్లె వేరే జిల్లాలోకి వెళ్లాయి కానీ, ఆయన రాసే రోజుల్లో అంతా ఒకటే గుంటూరు జిల్లా. ఆ చుట్టుపక్కల ఇళ్లలో, వంటింటి గుమ్మం దగ్గర వినిపించే తెలుగునే ఆయన కాగితం మీద పెట్టారు.

చదువయ్యాక పంతులుద్యోగంలో చేరారు. బందరులో చాలాకాలం పాఠాలు చెప్పారు. తర్వాత హైదరాబాద్ ఆకాశవాణిలోనూ పనిచేశారు. అప్పట్లో బడిపంతులు జీతం ఎంతో, నెలాఖరు ఎలా గడిచేదో వేరే చెప్పాలా? ఇంటినిండా పిల్లలు, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఈ ఇబ్బందే ఆయన కథలకు ముడిసరుకు.

అసలు విశేషం ఇక్కడుంది. అంతకుముందు మన హాస్యంలో పెళ్లామంటే చాలాసార్లు గయ్యాళి, లేదంటే ఏమీ తెలియని అమాయకురాలు. కాంతం ఈ రెండూ కాదు. క్లాసులో తన మాటే వేదమనుకునే పంతులుగారు ఇంటికొచ్చి అదే గొంతుతో పాఠం మొదలెడతారు. కాంతం చేతిలో పని ఆపకుండానే జవాబిస్తుంది. అంతే, మాస్టారు ఫెయిల్! నవ్వు ఆమె మీద కాదు, ఆయన మీద. ఆ కథ చెప్పేది కూడా ఆయనే. తన ఓటమిని తానే సంబరంగా చెప్పుకునే మగాడు అప్పట్లో అరుదు. ఇప్పుడు మాత్రం ఎంతమంది ఉన్నారు లెండి!

విమర్శ లేకపోలేదు. అదే తెనాలిలో పెరిగిన చలం పెళ్లి అనే వ్యవస్థనే నిలదీశారు. మునిమాణిక్యం ఆ జోలికి పోలేదు. కాంతం ఎంత చమత్కారంగా మాట్లాడినా పొయ్యి దగ్గరి చాకిరీ తగ్గదు. ఇవాళ చదివే అమ్మాయిలకు ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కనపడాలి కూడా. కానీ ఆ చాకిరీని ఆయన దాచలేదు. నవ్వు మధ్యలోనే అలసట తెలుస్తూ ఉంటుంది.

'వక్రరేఖ', 'తిరుమాళిగ' లాంటి నవలలూ రాశారు. మనవాళ్లు దేనికి నవ్వుతారో, ఎందుకు నవ్వుతారో వివరిస్తూ 'తెలుగు హాస్యం' అనే పుస్తకం తెచ్చారు. జనం మాత్రం ఆయన్ని కాంతం మొగుడిగానే గుర్తుపెట్టుకున్నారు.

1973 ఫిబ్రవరి 4న కన్నుమూశారు. ఆయన్ని ఇంతవరకు చదవని వాళ్లు 'నేనూ మా కాంతం'తో మొదలుపెట్టండి. 'కాంతం వృద్ధాప్యం' మాత్రం చివరికి ఉంచుకోండి. ఆమెతో కాస్త పరిచయం అయ్యాక చదవాల్సిన పుస్తకం అది.