జరగని మలిపోరు: శామ్ లాంగ్‌ఫర్డ్ జీవితకథ

1906 ఏప్రిల్ 26న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం చెల్సీ పట్టణంలో ఇద్దరు నల్లజాతి బాక్సర్లు 15 రౌండ్ల పాటు తలపడ్డారు. ఒకరు టెక్సస్‌కు చెందిన జాక్ జాన్సన్. మరొకరు కెనడా నుంచి వచ్చి బోస్టన్‌లో స్థిరపడిన శామ్ లాంగ్‌ఫర్డ్. ఆ పోటీలో జాన్సన్ పాయింట్లపై గెలిచారు. మూడేళ్లు తిరగకముందే ఆయన ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యారు. లాంగ్‌ఫర్డ్ మాత్రం ఆయనతో మరొక్కసారి తలపడే అవకాశం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ అవకాశం రాలేదు. ఆ మలిపోరు జరిగి ఉంటే ఎవరు గెలిచేవారన్న చర్చ మాత్రం వందేళ్లు దాటినా బాక్సింగ్ అభిమానుల మధ్య సాగుతూనే ఉంది.

బోస్టన్‌కు చేరిన బాలుడు

లాంగ్‌ఫర్డ్ కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో వేమత్ ఫాల్స్ అనే చిన్న గ్రామంలో జన్మించారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానంతరం బ్రిటిష్ వారి వెంట వచ్చి స్థిరపడిన నల్లజాతి కుటుంబాల వారసులు నివసించే ఊరది. ఆయన పుట్టిన సంవత్సరం కొన్ని పత్రాల్లో 1886గా, మరికొన్నింటిలో 1883గా ఉంది. తండ్రి కాఠిన్యాన్ని భరించలేక చిన్న వయసులోనే ఇల్లు విడిచి, దొరికిన పనల్లా చేసుకుంటూ బోస్టన్ చేరారు. అక్కడ మందుల దుకాణం నడుపుతూ బాక్సింగ్ పోటీలు నిర్వహించే జో వుడ్‌మన్ ఆయనను చేరదీశారు. వుడ్‌మన్ వ్యాయామశాలలో ఊడ్చి తుడిచే పనికి కుదిరిన బాలుడు కొద్దికాలానికే చేతికి గ్లవ్స్ తొడుక్కున్నాడు. 1902లో వృత్తి బాక్సర్‌గా బరిలోకి దిగాడు.

మరుసటి ఏడాది డిసెంబరులో లాంగ్‌ఫర్డ్ పేరు దేశమంతటా వినిపించింది. లైట్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న జో గాన్స్‌ను బోస్టన్‌లో 15 రౌండ్ల పోటీలో ఓడించారు. అది టైటిల్ పోటీ కాకపోవడంతో కిరీటం గాన్స్ వద్దనే ఉండిపోయింది. 1904లో వెల్టర్‌వెయిట్ దిగ్గజం, బార్బడోస్‌కు చెందిన జో వాల్కాట్‌తో పోటీ డ్రాగా ముగిసింది. టైటిల్ అంచుదాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగి రావడం ఆయనకు అప్పటి నుంచే అలవాటైంది.

లాంగ్‌ఫర్డ్ ఎత్తు అయిదడుగుల ఏడున్నర అంగుళాలు మాత్రమే. అయితే భుజాలు విశాలమైనవి, చేతులు ఎత్తుకు మించి పొడవైనవి. రెండు చేతుల్లోనూ ప్రత్యర్థిని నేలకూల్చగల బలం ఉండేది. తన బరువుకు తగిన ప్రత్యర్థులు ముఖం చాటేయడంతో తనకంటే పెద్దవారితో తలపడటం తప్పనిసరైంది. లైట్‌వెయిట్‌తో మొదలుపెట్టి హెవీవెయిట్ వరకు అన్ని తరగతుల్లోనూ ఆయన పోరాడారు. చరిత్రలో నమోదైన ఆయన పోటీలే 250కి పైగా ఉన్నాయి.

చెల్సీలో ఆ రాత్రి

1906 నాటి పోటీలో లాంగ్‌ఫర్డ్ బరువు సుమారు 70 కిలోలు. జాన్సన్ ఆయనకంటే దాదాపు 13 కిలోలు ఎక్కువ బరువు, ఆరడుగుల పైచిలుకు ఎత్తు. అప్పటికే జాన్సన్ నల్లజాతి బాక్సర్ల ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ విజేత. పుట్టిన సంవత్సరంగా దేన్ని తీసుకున్నా, లాంగ్‌ఫర్డ్ వయసు అప్పటికి 20 నుంచి 23 ఏళ్ల మధ్యే. ఆరో రౌండులో లాంగ్‌ఫర్డ్ కిందపడి లేచారు. చివరి గంట మోగేవరకు నిలబడ్డారు కానీ, గెలుపు విషయంలో ఎవరికీ సందేహం లేకపోయింది. జాన్సన్ స్పష్టమైన ఆధిక్యంతో నెగ్గారు.

అయితే కొన్నేళ్లకు ఆ రాత్రి గురించి వేరే కథ ప్రచారంలోకి వచ్చింది. జాన్సన్‌ను లాంగ్‌ఫర్డ్ పడగొట్టారని, రెఫరీ అన్యాయం చేశారని చెప్పుకోసాగారు. మలిపోరుపై జనంలో ఆసక్తి రేపడానికి మేనేజర్ వుడ్‌మన్ పుట్టించిన కథ అది. ఆ సంగతిని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. ఆ ప్రచారం లాంగ్‌ఫర్డ్‌కు మేలు చేయకపోగా, జాన్సన్‌కు కోపం తెప్పించింది.

మూసుకున్న తలుపు

ఆ రోజుల్లో ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ శ్వేతజాతీయుల సొత్తుగా చెలామణి అయ్యేది. నల్లవారితో టైటిల్ కోసం పోరాడేది లేదని జిమ్ జెఫ్రీస్ వంటి ఛాంపియన్లు బహిరంగంగానే ప్రకటించారు. జాన్సన్ ఆ గోడను బద్దలుకొట్టడానికి ఖండాలు దాటి వెళ్లాల్సి వచ్చింది. ఛాంపియన్ టామీ బర్న్స్‌ను వెంటాడి, 1908 డిసెంబర్ 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పట్టుకున్నారు. 14వ రౌండులో పోలీసులు కల్పించుకుని పోటీ ఆపేయడంతో జాన్సన్ విజేతగా నిలిచారు. ప్రపంచ హెవీవెయిట్ కిరీటం ధరించిన తొలి నల్లజాతీయుడు ఆయనే.

తనకు తెరుచుకున్న ద్వారం గుండా తన జాతికే చెందిన మరొకరిని ఆయన రానివ్వలేదు. ఛాంపియన్ అయితే లండన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్‌లో లాంగ్‌ఫర్డ్‌తో పోరాడతానని జాన్సన్ ముందుగా ఒప్పుకున్నారు. గెలిచాక ఆ ఒప్పందాన్ని పక్కనపెట్టారు. 1909 మేలో లండన్ వెళ్లిన లాంగ్‌ఫర్డ్, జాన్సన్‌కు బదులు బ్రిటిష్ హెవీవెయిట్ ఇయాన్ హేగ్‌తో తలపడి నాలుగో రౌండులో నాకౌట్ చేశారు. తరువాత సిడ్నీ ప్రమోటర్ హ్యూ మెకింటోష్ ఇద్దరినీ ఆస్ట్రేలియాలో కలిపేందుకు ప్రయత్నించారు. అదీ ఫలించలేదు.

జాన్సన్ వాదన డబ్బుకు సంబంధించినది. ఇద్దరు నల్లవారి పోటీకి టికెట్లు అమ్ముడుపోవని, తాను అడిగినంత సొమ్ము చూపితేనే ఆలోచిస్తానని ఆయన చెప్పేవారు. లెక్క ప్రకారం అందులో నిజం లేకపోలేదు. 1910 జులై 4న రీనోలో జెఫ్రీస్‌తో జరిగిన పోటీకి దేశమంతా కళ్లప్పగించింది. జాన్సన్ గెలవగానే అనేక నగరాల్లో నల్లవారిపై దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. జాన్సన్‌ను ఓడించగల శ్వేతజాతి వీరుడి కోసం సాగిన ఆ అన్వేషణలోనే డబ్బంతా ఉంది. లాంగ్‌ఫర్డ్ గెలిచినా ఆ వెదుకులాట తీరదు కాబట్టి, ఆయనపై పెట్టుబడి పెట్టడానికి ఎవరికీ ఉత్సాహం లేకపోయింది. ఛాంపియన్‌గా ఉన్న కాలంలో జాన్సన్ నల్లజాతి ప్రత్యర్థితో టైటిల్ కోసం తలపడింది ఒక్కసారే. 1913 డిసెంబరులో పారిస్‌లో బ్యాట్లింగ్ జిమ్ జాన్సన్‌తో జరిగిన ఆ పోటీ డ్రా అయింది. అప్పటికి అందరికంటే ముందు వరుసలో నిలిచిన లాంగ్‌ఫర్డ్‌కు పిలుపు రాలేదు.

జరిగి ఉంటే

మలిపోరు జరగాల్సిన కాలంగా విశ్లేషకులు ఎక్కువగా 1909 నుంచి 1911 వరకు ఉన్న మూడేళ్లను చూపుతారు. అప్పటికి లాంగ్‌ఫర్డ్ బరువు 80 కిలోల దరిదాపులకు చేరింది. చెల్సీలో ఓడిన యువకుడికీ ఈయనకూ పోలికే లేదన్నది ఆయన పక్షం వహించేవారి మొదటి వాదన. రెండో వాదన జిమ్ ఫ్లిన్‌కు సంబంధించినది. ఇద్దరితోనూ తలపడిన ఫ్లిన్‌ను 1907లో నాకౌట్ చేయడానికి జాన్సన్‌కు 11 రౌండ్లు పట్టింది. 1908 డిసెంబరులో లాంగ్‌ఫర్డ్ అదే పని మొదటి రౌండులోనే పూర్తి చేశారు. 1910లో మరోసారి ఎనిమిదో రౌండులో పడగొట్టారు. మూడో వాదన స్టాన్లీ కెచెల్ పోటీ. మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయిన కెచెల్ 1909 అక్టోబరులో తనకంటే ఎంతో భారీకాయుడైన జాన్సన్‌ను 12వ రౌండులో ఒక దెబ్బతో కింద కూర్చోబెట్టారు. లాంగ్‌ఫర్డ్ దెబ్బ అక్కడ తగిలి ఉంటే జాన్సన్ లేచేవారా అని వారు ప్రశ్నిస్తారు.

జాన్సన్ పక్షం వాదన కూడా తేలికైనది కాదు. కింద పడ్డ కొద్ది క్షణాలకే లేచిన జాన్సన్ ఒకే విసురుతో కెచెల్‌ను స్పృహ తప్పించారు. ఆ పోటీలో అంతవరకూ ఆయన పూర్తి బలం చూపలేదన్న అభిప్రాయమూ ఉంది. పైగా జాన్సన్ ఆత్మరక్షణ కళలో ఆ తరంలో సాటిలేనివారు. ప్రత్యర్థి చేతిని గాలిలోనే పట్టి ఆపడం, దగ్గరికొస్తే కౌగిలించి బిగించి లోపలి నుంచి పైకి గుద్దడం ఆయన పద్ధతి. పొట్టివాడైన లాంగ్‌ఫర్డ్ గెలవాలంటే లోపలికి చొచ్చుకురావాలి. అలా వచ్చేవారిని నిలువరించడమే జాన్సన్ విద్య. ఎత్తులో ఉన్న తేడా బరువు పెరిగినంత మాత్రాన తగ్గేది కాదు.

రెండు వాదనలనూ తక్కెడలో వేస్తే, పాయింట్ల మీద తేలే పోటీలో మొగ్గు జాన్సన్ వైపే కనిపిస్తుంది. కానీ ఆనాటి టైటిల్ పోటీలు 15 రౌండ్లతో ముగిసేవి కావు. రీనో పోటీని 45 రౌండ్లకు నిర్ణయించారు. అంతసేపట్లో లాంగ్‌ఫర్డ్‌కు ఒక్క దెబ్బ తగిలించే సందు దొరికితే చాలు. జాన్సన్ భయపడ్డారా, లెక్క వేసుకున్నారా అన్న ప్రశ్నకు కూడా ఇందులోనే సమాధానం ఉంది. తక్కువ ఆదాయం, ఎక్కువ ప్రమాదం ఉన్న పోటీని ఏ వ్యాపారీ కోరుకోడు.

భారత ఉపఖండంలో ఇదే కాలానికి చెందిన మరో కథ వేరే విధంగా ముగిసింది. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్, పోలండ్ మల్లయోధుడు జ్బిస్కో మధ్య కుస్తీ ఎటూ తేలలేదు. వారం తరువాత జరగాల్సిన పోటీకి జ్బిస్కో రాలేదు. 18 ఏళ్లకు 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ తలపడినప్పుడు గామా నిమిషంలోపే ఆయనను చిత్తు చేశారు. ఆలస్యంగానైనా గామాకు దక్కిన జవాబు లాంగ్‌ఫర్డ్‌కు దక్కలేదు.

చీకటి కమ్మిన కళ్లు

తలుపు మూసుకుపోయిన తరువాత నల్లజాతి బాక్సర్లు తమలో తామే తలపడుతూ బతుకు వెళ్లదీశారు. జో జెనెట్, శామ్ మెక్‌వీ, హ్యారీ విల్స్‌లతో లాంగ్‌ఫర్డ్ ఒక్కొక్కరితో పదిసార్లకు పైగా పోరాడారు. నల్లజాతి హెవీవెయిట్ టైటిల్‌ను పలుమార్లు గెలుచుకున్నారు. మొత్తం ప్రపంచ టైటిల్ మాత్రం 1915 ఏప్రిల్‌లో హవానాలో జాన్సన్ నుంచి జెస్ విలార్డ్ చేతికి వెళ్లింది. ఆ తరువాత 1937లో జో లూయిస్ గెలిచేదాకా 22 ఏళ్లపాటు మరో నల్లజాతీయుడికి ఆ కిరీటం దక్కలేదు. విలార్డ్ తరువాత ఛాంపియన్ అయిన జాక్ డెంప్సీ, యువకుడిగా ఉన్నప్పుడు లాంగ్‌ఫర్డ్‌తో పోటీకి తాను వెనుకాడిన సంగతిని ఆత్మకథలో దాచుకోలేదు.

1917లో ఫ్రెడ్ ఫుల్టన్‌తో పోటీలో లాంగ్‌ఫర్డ్ ఎడమకన్ను దెబ్బతింది. రెండో కంటి చూపు కూడా క్రమంగా మసకబారింది. అయినా పొట్టకూటి కోసం బరి వదల్లేదు. 1922లో టైగర్ ఫ్లవర్స్‌ను రెండో రౌండులో నాకౌట్ చేశారు. ఫ్లవర్స్ నాలుగేళ్ల తరువాత మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 1923లో మెక్సికో హెవీవెయిట్ టైటిల్ గెలిచేనాటికి లాంగ్‌ఫర్డ్‌కు ప్రత్యర్థి నీడలాగే కనిపించేవాడు. శరీరాన్ని తాకి, కదలికల సవ్వడి విని, దెబ్బ ఎటు వేయాలో అంచనా వేసేవారు. 1926 నాటికి ఆయన పోటీల నుంచి తప్పుకున్నారు.

ఆ తరువాత లోకం ఆయనను మరచిపోయింది. 1944లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ విలేకరి అల్ లేనీ ఆయన ఏమయ్యారో కనుక్కునేందుకు హార్లెమ్ వీధుల్లో తిరిగారు. చివరికి ఒక చీకటి గదిలో, పూర్తిగా చూపు కోల్పోయి, చేతిలో కొద్దిపాటి చిల్లరతో ఉన్న వృద్ధుడు కనిపించారు. లేనీ కథనం చదివిన వారు విరాళాలు పంపారు. వేల డాలర్ల నిధి సమకూరింది. దాని ఆసరాతో లాంగ్‌ఫర్డ్ చివరి సంవత్సరాలు గడిచాయి. 1956 జనవరి 12న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో కన్నుమూశారు. చెల్సీ పట్టణం అక్కడికి ఎంతో దూరం కాదు.

జాన్సన్ అంతకు పదేళ్ల ముందే, 1946లో కారు ప్రమాదంలో మరణించారు. జాతివివక్షతో నడిచిన కేసులో ఆయనకు పడిన శిక్షకు 2018లో అమెరికా అధ్యక్షుడు మరణానంతర క్షమాభిక్ష ప్రకటించారు. గోడను కూల్చిన వీరుడిగా ఆయనకు ఆ గౌరవం న్యాయమైనదే. ఆ గోడ అవతల నిలబడి తలుపు తట్టిన లాంగ్‌ఫర్డ్‌కు మాత్రం, ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న చర్చలో చోటు తప్ప మరేమీ మిగల్లేదు. గెలుపోటములు ఎలా ఉండేవైనా, ఆ మలిపోరులో దిగే హక్కును ఆయన బరిలోనే సంపాదించుకున్నారు. దాన్ని ఆయనకు దక్కకుండా చేసింది మాత్రం బరి బయట జరిగిన లెక్కలు.