గరగరల నడుమ గొంతు వినిపించిన ఇంజనీరు సెసిల్ గోయ్డర్

లండన్‌లోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గోయ్డర్ 1924 అక్టోబరు 18న న్యూజిలాండ్‌లోని ఫ్రాంక్ బెల్‌కు మోర్స్ సంకేతాలు పంపి, బదులు అందుకున్నారు. ఆ రెండు దేశాల మధ్య ఇరువైపులా సాగిన తొలి రేడియో సంభాషణ అది. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు. తక్కువ శక్తితోనైనా షార్ట్‌వేవ్ తరంగాలు భూగోళపు అవతలి అంచును తాకగలవని ఆనాడే ఆయనకు అనుభవమైంది.

పన్నెండేళ్ల తరువాత, 1936లో, ఆల్ ఇండియా రేడియో ప్రధాన ఇంజనీరుగా ఆయన ఢిల్లీకి వచ్చారు. లయొనెల్ ఫీల్డెన్ అప్పటి ప్రసారాల కంట్రోలరు. అలీపూర్ రోడ్డు భవనంలో ఢిల్లీ కేంద్రం ఆ ఏడాది జనవరి 1నే మొదలైంది. దాని మీడియంవేవ్ ట్రాన్స్‌మిటర్ శక్తి 20 కిలోవాట్లు. నగరవాసులకు అది చాలు. మరి దూరాన ఉన్న పల్లెల మాటేమిటి?

పగటివేళ మీడియంవేవ్ తరంగం నేలను ఆనుకునే సాగుతుంది, దూరం పెరిగేకొద్దీ క్షీణిస్తుంది. దానికి తోడు మన దేశంలో ఉరుములు, మెరుపులు ఎక్కువ. ఎక్కడో మెరిసిన మెరుపు కూడా రేడియో సెట్టులో గరగరగా పలుకుతుంది. బలహీనపడిన గొంతును ఆ రొద మింగేస్తుంది. ఇంటిలోని విద్యుత్ మోటారులో రేగే నిప్పురవ్వలు సైతం ఇదే పని చేస్తాయి. ఇంగ్లండ్‌లో కుదిరిన పద్ధతి ఇక్కడ యథాతథంగా కుదరదు. దేశమంతటా మీడియంవేవ్ కేంద్రాలు నెలకొల్పడానికి ధనమూ లేదు.

మెరుపుల రొద పౌనఃపున్యం పెరిగేకొద్దీ తగ్గుతుంది. పైగా షార్ట్‌వేవ్ తరంగం పై వాతావరణంలోని అయనావరణం నుంచి తిరిగివచ్చి, వందల మైళ్ల అవతల నేలకు దిగుతుంది. అందుకే నగరాలకు మీడియంవేవ్‌ను ఉంచి, మిగిలిన దేశానికి షార్ట్‌వేవ్‌ను అందించే మార్గాన్ని గోయ్డర్ చేపట్టారు. 1937 డిసెంబరులో ఢిల్లీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆరంభమయ్యాయి. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం నుంచి తెలుగు మాట కూడా ఈ తరంగాలపై ప్రయాణించింది.

ఈ మార్గంలో లోపం లేకపోలేదు. షార్ట్‌వేవ్‌లో ధ్వని ఒకసారి ఉబికి, మరుక్షణం కుంగిపోతుంది. పగటికొక పౌనఃపున్యం, రాత్రికొకటి కావాలి. సెట్టు ముల్లును నేర్పుగా తిప్పాలి. స్వచ్ఛత కొంత తగ్గినా ఎక్కువ మందికి వినిపించడమే మేలని గోయ్డర్ ఎంచుకున్నారు. ఆనాటి వనరులకు అంతకన్నా న్యాయమైన నిర్ణయం మరొకటి కనిపించదు.

యుద్ధకాలంలో, 1943లో, పార్లమెంట్ స్ట్రీట్‌లో బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ వెలసింది. గోయ్డర్ 1946 వరకు ఆ బాధ్యతలో కొనసాగారు. 1980లో మరణించారు.