ఆధారాల్లేవని వదిలేశారు.. మరి నిఘా ఎందుకు? 1962లోనే నిలదీసిన తెలుగు జడ్జి కోకా సుబ్బారావు

కోడూరు, అవనిగడ్డ, మచిలీపట్నం.. ఎక్కడ అడిగినా రౌడీషీట్, సస్పెక్ట్ షీట్ అంటే తెలియనివాళ్లు ఉండరు. స్టేషన్‌లో ఒకసారి పేరు ఎక్కిందంటే కేసు పోయినా ఆ పేరు పోదేమోనన్న భయం ఇంటిల్లిపాదికీ ఉంటుంది. నేరం రుజువు కాని మనిషిపై పోలీసులు నిఘా పెట్టొచ్చా? ఈ ప్రశ్నకు 60 ఏళ్ల కిందటే సుప్రీంకోర్టులో గట్టిగా జవాబిచ్చిన జడ్జి మన తెలుగువాడే. ఆయనే జస్టిస్ కోకా సుబ్బారావు.

ఇంతకీ ఎవరీయన?

1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివి, అక్కడే లాయర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1948లో మద్రాస్ హైకోర్టు జడ్జి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో గుంటూరులో హైకోర్టు పెట్టారు. దానికి తొలి చీఫ్ జస్టిస్ ఆయనే. అప్పటిదాకా హైకోర్టు పని పడితే మద్రాసు రైలెక్కిన కృష్ణా జిల్లా జనానికి కోర్టు దగ్గరైంది. 1956లో హైదరాబాద్‌కు మారిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ ఆయనే తొలి సీజే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అసలు కేసు ఏంటంటే..

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో దోపిడీ కేసులో పట్టుకున్నారు. ఆధారాలు లేవని వదిలేశారు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీట్ తెరిచారు. ఇంటిచుట్టూ రహస్య కాపలా, అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఊరు దాటితే ఎక్కడికెళ్లాడో ఆరా.. ఇలా అక్కడి పోలీసు నిబంధనలే అనుమతించాయి. విసిగిపోయిన ఆయన నేరుగా సుప్రీంకోర్టుకెళ్లారు.

1962 డిసెంబర్ 18న ఆరుగురు జడ్జిల బెంచ్ తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటికెళ్లి సోదా చేయడం చెల్లదని అందరూ అన్నారు. మిగతా నిఘా మాత్రం తప్పు కాదని, రాజ్యాంగంలో ప్రైవసీ అనే హక్కే లేదని నలుగురు తేల్చారు.

సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. పోలీసు కళ్లు వెంటాడుతుంటే కాళ్లకు సంకెళ్లు లేకపోయినా ఆ మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నది సుబ్బారావు వాదన. ప్రైవసీ అనే పదం రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది భాగమేనని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని రాశారు. కానీ మైనారిటీ తీర్పు కాబట్టి అది అమలు కాలేదు.

సీజేఐ కుర్చీ వదిలి..

1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పార్లమెంట్ ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు ఆయన హయాంలోదే. విదేశాలకు వెళ్లడమూ వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు పాస్‌పోర్ట్ ఆపలేదని తేల్చిందీ ఆ ఏడాదే. ఏప్రిల్‌లో పదవి వదిలి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. సీజేఐ కుర్చీలోంచి నేరుగా ఎన్నికల్లోకి దిగడంపై అప్పట్లో విమర్శలూ వచ్చాయి.

1976 మే 6న ఎమర్జెన్సీ రోజుల్లోనే కన్నుమూశారు. దానికి 8 రోజుల ముందే, అక్రమంగా నిర్బంధించినా కోర్టు తలుపు తట్టే వీల్లేదని ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

55 ఏళ్లకు గెలిచారు

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జిలు ఏకగ్రీవంగా ప్రైవసీని ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ఖరక్ సింగ్ తీర్పులో ప్రైవసీని కాదన్న భాగాన్ని, జబల్‌పూర్ తీర్పును పక్కన పెట్టేశారు. నాడు మైనారిటీగా మిగిలిన సుబ్బారావు మాటే సరైనదని ఒప్పుకున్నారు.

అయినా షీట్లు ఆగలేదు, స్టేషన్లలో కౌన్సెలింగ్‌లూ ఆగలేదు. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషే. ఆ మాటకు స్టేషన్ గడప దగ్గర ఎంత విలువ ఉందన్నదే ఇప్పటికీ ప్రశ్న.