తండ్రి తప్పు దిద్దిన ఐదేళ్ల బుడతడు.. వీణ అంటే చిట్టిబాబే అనిపించుకున్నారు! బొబ్బిలి వీణకు ఆయన కథ ఎందుకు ముఖ్యం?

బొబ్బిలి: బొబ్బిలి అనగానే ఎవరికైనా రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి 1757 నాటి యుద్ధం. రెండోది వీణ. పట్టణాన్ని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అయితే వీణ చేసే చెయ్యి ఎంత ముఖ్యమో, దాన్ని కొని ఇంట్లో పెట్టుకుని రోజూ మీటే చెయ్యి కూడా అంతే ముఖ్యం. మీటేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప వీణైనా షోకేసులో బొమ్మే కదా!

అలాంటి వీణను కచేరీ హాలు దాటించి, రాగం పేరు కూడా తెలియని జనం దగ్గరికి తీసుకెళ్లిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. ఆయనే చిట్టిబాబు. రీల్స్‌లో, షార్ట్స్‌లో ఆయన వీణ ముక్కలు ఇప్పుడూ వినిపిస్తుంటాయి. కానీ ఆ మనిషి కథ చాలా మందికి తెలియదు. ఒక్కసారి చూసేద్దాం.

అసలు పేరు హనుమాన్లు

చిట్టిబాబు 1936 అక్టోబర్ 13న కాకినాడలో పుట్టారు. తల్లి సుందరమ్మ, తండ్రి రంగారావు. ఇంటిపేరు చల్లపల్లి. పుట్టినప్పుడు పెట్టిన పేరు హనుమాన్లు. చిట్టిబాబు అనేది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. చివరికి ఆ ముద్దుపేరునే తండ్రి అసలు పేరుగా మార్చేశారు.

రంగారావు గారికి సంగీతమంటే ప్రాణం. ఇష్టం కొద్దీ ఇంట్లో వీణ వాయించుకునేవారు. ఒకరోజు ఆయన వాయిస్తుంటే ఒక స్వరం తప్పు పడింది. పక్కనే ఉన్న ఐదేళ్ల పిల్లాడు అది తప్పని పట్టేసి, సరైన స్వరం చూపించాడట. తండ్రి బిత్తరపోయారు. పిల్లాడి మీద కోప్పడలేదు సరికదా, ఆ క్షణం నుంచి కొడుకు చదువంతా వీణే అని ఖాయం చేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆ వీణ ఏ విద్వాంసుడిదో కాదు. సరదాకి వాయించుకునే ఒక సంగీత ప్రియుడి వీణ. ఇంట్లో వాద్యం ఉంది, అది మూలన పడి లేదు, రోజూ మోగుతోంది. అందుకే ఆ పిల్లాడి చెవికి స్వరం పట్టుబడింది. పెద్ద కళాకారుల వెనుక చాలాసార్లు ఇలాంటి పేరు లేని అభిమాని ఒకరు ఉంటారు.

మొదట పండ్రంగి ఉప్పలయ్య, ఈయుణ్ణి అప్పలాచార్యుల దగ్గర పాఠం సాగింది. 12 ఏళ్లకే తొలి కచేరీ అయిపోయింది.

మద్రాసు బాట.. సినిమా వేషం

1940ల చివర్లో కుటుంబం మద్రాసు చేరింది. దానికి కారణం సంగీతం కాదు, సినిమా! భరణీ సంస్థ తీసిన లైలా మజ్ను (1949)లో చిట్టిబాబుకు బాల నటుడిగా అవకాశం వచ్చింది. కానీ వేషాల కంటే వీణే బలంగా లాగింది. మద్రాసులోనే ఆయనకు అసలు గురువు దొరికారు. ఆయనే ఈమని శంకరశాస్త్రి.

శంకరశాస్త్రిది ద్రాక్షారామం. జెమినీ స్టూడియోలో పనిచేసిన సంగీతజ్ఞుడు. శాస్త్రీయం ఎంత తెలుసో, సినిమా వాద్యబృందం ఎలా నడుస్తుందో కూడా అంతే తెలుసు. వీణ మీద గొంతు పలికినట్టు పలికించాలన్నది ఆయన బాణీ. ఆ బాణీని చిట్టిబాబు ఒడిసి పట్టుకున్నారు. తర్వాత దానికి తన ముద్ర వేసుకున్నారు.

తెర వెనుక నుంచి వేదిక ముందుకు

ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో వాద్యకారులకు చేతినిండా పని. చిట్టిబాబు కూడా సినిమా ఆర్కెస్ట్రాల్లో వీణ వాయించారు. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, ఘంటసాల, విశ్వనాథన్ - రామమూర్తి.. ఇలా పెద్ద సంగీత దర్శకుల పాటల్లో ఆయన వేళ్లు పనిచేశాయి.

సాలూరి అంటే మనవాడే! బొబ్బిలి నుంచి బ్రాంచ్ లైన్ వెళ్లే ఆ సాలూరు పక్కనే ఉన్న శివరామపురం ఆయన ఊరు. 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం సినిమాకు సంగీతం ఆయనదే.

సినిమా పనిలో డబ్బు ఉంది, రోజూ పిలుపు ఉంది. కానీ పేరు లేదు. పాట హిట్టయితే గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు వినిపిస్తుంది. మధ్యలో రెండు క్షణాలు గుండె పిండేసిన వీణ ఎవరిదని ఎవరూ అడగరు. గిటార్ నేర్చుకునే కుర్రాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడి పరిస్థితీ ఇంతే. ఆపేస్తే లోటు అందరికీ తెలుస్తుంది, వాయిస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు.

చిట్టిబాబు అక్కడే పెద్ద నిర్ణయం తీసుకున్నారు. నిలకడగా వచ్చే ఆర్కెస్ట్రా పనిని వదులుకుని, సోలో కచేరీలే తన దారి అనుకున్నారు. అది చిన్న విషయం కాదు. అప్పట్లో కర్ణాటక కచేరీ అంటే ముందు గాత్రమే. వీణ మెత్తని వాద్యం, పెద్ద సభలో వెనుక వరుసకు వినిపించడమే కష్టం. ఇల్లు గడవాలంటే ఆ వీణతోనే సభ నింపాలి. ఆయన నింపి చూపించారు.

అలాగని సినిమాను పూర్తిగా వదిలేయలేదు. 1964లో శ్రీధర్ తీసిన తమిళ సినిమా కలైకోవిల్‌లో హీరో వీణ విద్వాంసుడు. తెరపై కనిపించేది నటుడు, వినిపించే వీణ మాత్రం చిట్టిబాబుది. 1974లో రాజాజీ కథ ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు తీసిన దిక్కట్ర పార్వతికి ఆయనే సంగీత దర్శకుడు.

కోయిల కూత.. గుడి గంట

చిట్టిబాబు వీణలో ఏముంది అంత ప్రత్యేకత? త్యాగరాజ కీర్తన వాయిస్తే సాహిత్యం వినిపించినట్టే ఉంటుంది. తీగను పక్కకు లాగి తీసే గమకం, మీటు పడ్డాక కూడా స్వరాన్ని నిలబెట్టే తీరు ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

అంతే కాదు.. ఆయన సొంతంగా చిన్న చిన్న రచనలు చేశారు. వాటిలో కోయిల కూతను వీణ మీద పలికించిన రచన ఇంటింటికీ వెళ్లింది. వేద పఠనం, గంటల మోత కూడా ఆ తీగల మీదే పలికించారు. ఇలాంటివి శాస్త్రీయ వేదికకు తగవని పెదవి విరిచేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. కానీ కోయిల కోసం వచ్చిన శ్రోత, కూర్చుని కీర్తన కూడా విని వెళ్లాడు. ఆయన సాధించింది అదే.

గ్రామఫోన్ రికార్డులు, రేడియో, విదేశీ పర్యటనలు.. అన్నీ వరుసకట్టాయి. తమిళనాడు కలైమామణి, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ, తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడి గౌరవం, 1990లో సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 1996 ఫిబ్రవరి 9న చెన్నైలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 59 ఏళ్లే. ఆ వీణ ఇంకెంతో మోగాల్సింది.

బొబ్బిలికి ఏంటి సంబంధం?

చిట్టిబాబు లాంటివాళ్లు వీణను జనంలోకి తెస్తే, ఆ వీణ మీద మోజు పుట్టిన వాళ్లకు వాద్యం చేసి ఇచ్చేవి బొబ్బిలి లాంటి ఊళ్లే. ఇక్కడి వీణ గొప్పదనం ఏకాండి. అంటే కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగ నుంచి తొలిచి తీస్తారు. అతుకులు తక్కువైతే నాదం చెక్కలో ఆగకుండా పారుతుందని తయారీదారుల నమ్మకం. సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు తరాలుగా ఈ పనిలో ఉన్నారు. బొబ్బిలి వీణకు జీఐ గుర్తింపు కూడా ఉంది.

వీణకు మొత్తం 7 తీగలు. వాయించేవి 4, తాళానికి 3. మెట్లు 24. ఆ నాలుగు తీగల్లో అడుగున పలికేది అనుమంద్రం. బేస్ గిటార్‌కూ మామూలుగా నాలుగే తీగలు. కింది స్థాయి నాదం ఒంట్లోకి దిగే సుఖం రెండింటికీ ఒకటే. గిటార్ మెట్టు లోహంతో బిగించి ఉంటుంది, కదలదు. వీణ మెట్టు మాత్రం మైనం మీద కూర్చుంటుంది. ఎండకు మైనం మెత్తబడితే శ్రుతి తప్పుతుంది. అందుకే వీణ ఉన్న ఇంటికి మెట్లు మళ్లీ కట్టే మనిషి కూడా కావాలి.

వీణ కొనాలనుకుంటున్నారా?

నేర్చుకోవడానికి కొనేవాళ్లు పైన నగిషీ చూసి మోసపోవద్దు. ముందు చెక్క బాగా ఆరిందా లేదా అడగండి. పచ్చి చెక్క అయితే కొన్నాళ్లకు వంగుతుంది, పగుళ్లిస్తుంది. దండి వంకర లేకుండా ఉందో లేదో కంటికి సూటిగా పెట్టి చూడండి. ప్రతి మెట్టు మీదా మీటించి వినండి. ఎక్కడైనా తీగ బుస్సుమంటే ఆ మెట్టు సరిగ్గా కూర్చోలేదన్నమాట. బిరడాలు తిప్పి చూడండి, జారిపోతుంటే శ్రుతి నిలవదు. వాయించడం తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఇంటికి తెచ్చాక ఎండలో, బండి డిక్కీలో వదిలేయకండి.

ఇప్పుడు బొబ్బిలిలో ఎక్కువగా అమ్ముడయ్యేవి సన్మానాల్లో, పెళ్లిళ్లలో కానుకగా ఇచ్చే చిన్న వీణలు. వాటి వల్ల చేతివృత్తి ఇళ్లకు తిండి దొరుకుతోంది, అది మంచిదే. కానీ కానుక వీణకు నాదం అక్కర్లేదు. శ్రుతి చూసుకోనక్కర్లేదు. చూడ్డానికి బాగుంటే చాలు. పెద్ద వీణ అడిగేవాళ్లు తగ్గిపోతే, చెక్కను తట్టి నాదం చెప్పగలిగే చెవి తర్వాతి తరానికి అందదు. ఉలి పట్టే చెయ్యి మిగిలినా ఆ చెవి మిగలదు.

కాకినాడలో ఒక తండ్రి సరదాకి వీణ వాయించుకోకపోతే చిట్టిబాబు లేరు. అందరి పిల్లలూ చిట్టిబాబులు కానక్కర్లేదు. సాయంత్రం అరగంట మీటుకునే వీణ వీధికొకటి ఉన్నా చాలు.. గొల్లపల్లిలో ఉలి ఆగదు.