ఇంగ్లిష్ మాస్టారు.. మీడియా గురువయ్యారు!

డిజిటల్ మీడియా, కమ్యూనికేషన్స్ కోర్సులో చేరతానని ఇంట్లో చెప్పి చూడండి. ఫోన్ చూసుకోవడానికి యూనివర్సిటీ ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వీడియో ఎడిటింగ్ మూడు నెలల్లో వచ్చేస్తుంది కదా, దానికి మూడేళ్ల డిగ్రీ దేనికని ఇంకొకరు అడుగుతారు. ఈ ప్రశ్నను మీరు తేలిగ్గా తీసుకోవద్దు. దీనికి మీ దగ్గర సమాధానం లేకపోతే, రేపు ఇంటర్వ్యూలోనూ ఉండదు. ఆ సమాధానం కోసం మీరు తెలుసుకోవాల్సిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు మార్షల్ మెక్‌లూహన్. గ్లోబల్ విలేజ్ అనే మాటను ప్రపంచమంతా వాడేలా చేసింది ఆయనే. చనిపోయి నాలుగు దశాబ్దాలు దాటింది. వరల్డ్ వైడ్ వెబ్‌ను ఆయన చూడనే లేదు. అయినా మాస్ కమ్యూనికేషన్ సిలబస్‌లో ఆయన పాఠం ఇప్పటికీ ఉంది.

ఇంజినీరింగ్‌లో చేరి..

మెక్‌లూహన్ 1911 జులై 21న కెనడాలోని ఎడ్మంటన్‌లో పుట్టారు. పెరిగింది మాత్రం విన్నిపెగ్ నగరంలో. తండ్రి హెర్బర్ట్ బీమా వ్యాపారంలో ఉండేవారు. తల్లి ఎల్సీ ఊరూరా తిరుగుతూ వేదికల మీద కవితలు, నాటక భాగాలు చదివి వినిపించే కళాకారిణి. అచ్చులో ఉన్న మాటకు, గొంతులోంచి వచ్చిన మాటకు తేడా ఏమిటో ఆ పిల్లాడు ఇంట్లోనే విన్నాడన్నమాట.

1928లో మనిటోబా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేరారు. ఏడాది తిరిగేసరికి అది తన దారి కాదని అర్థమైంది. ఇంగ్లిష్ సాహిత్యానికి మారిపోయారు. 1933లో బీఏ, 1934లో ఎంఏ పూర్తయ్యాయి. ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి రోడ్స్ స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించారు, రాలేదు. కేంబ్రిడ్జ్‌లో సీటు దొరికింది. కానీ అక్కడ ఒక మెలిక ఉంది. చేతిలో ఎంఏ పట్టా ఉన్నా సరే, మళ్లీ బీఏ నుంచే మొదలుపెట్టాలన్నారు. మూడేళ్ల కోర్సులో ఒక్క ఏడాది మాత్రం మినహాయించారు.

మీరైతే ఏం చేసేవారు? పీజీ అయ్యాక మళ్లీ డిగ్రీ క్లాసులో కూర్చోమంటే చాలామందికి చిన్నతనంగా ఉంటుంది. ఆయన కూర్చున్నారు. అదే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అక్కడ ఐ.ఏ. రిచర్డ్స్ అనే ఆచార్యుడి పద్ధతి పరిచయమైంది. కవి పేరు, కాలం ఏమీ చెప్పకుండా కవితను విద్యార్థుల చేతికిచ్చి, అది మీ మీద ఎలా పనిచేస్తోందో రాయమనేవారు రిచర్డ్స్. కవిత ఏం చెబుతోంది అన్నదానికన్నా చదివేవాడిని ఏం చేస్తోంది అన్నది ముఖ్యమనే చూపు అలా అలవడింది. తర్వాత ఇదే చూపును మెక్‌లూహన్ పత్రిక మీద, రేడియో మీద, టీవీ మీద ప్రయోగించారు.

మొదటి ఉద్యోగం నేర్పిన పాఠం

1936లో కేంబ్రిడ్జ్ నుంచి బయటికొచ్చారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న రోజులవి. సొంత దేశంలో తగిన ఉద్యోగం దొరకలేదు. చివరికి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచింగ్ అసిస్టెంట్‌గా చేరారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆయనకంటే కొద్ది సంవత్సరాలే చిన్న. అయినా వాళ్లు ఏం మాట్లాడుతున్నారో ఈయనకు, ఈయన ఏం చెబుతున్నారో వాళ్లకు అర్థం కాలేదు. వాళ్ల లోకం సినిమాలు, రేడియో, ప్రకటనలు, కామిక్స్. ఈయన లోకం పాత కవులు.

ఇక్కడ రెండు దారులున్నాయి. పిల్లలు చెడిపోయారని తిట్టుకుంటూ పాఠం ముగించడం ఒకటి. వాళ్లు చూస్తున్నవే చూసి, వాటినే పాఠంగా మార్చడం రెండోది. మెక్‌లూహన్ రెండోదాన్ని ఎంచుకున్నారు. కేంబ్రిడ్జ్‌లో కవితను విప్పి చూసినట్టే సబ్బు ప్రకటనను, పత్రిక మొదటి పేజీని విప్పి చూడటం మొదలుపెట్టారు. ఆయనకు ప్రకటనలంటే మోజు ఉండి కాదు. నిజానికి పాత సాహిత్యమే ఆయనకు ప్రాణం. 1943లో పొందిన డాక్టరేట్ కూడా 16వ శతాబ్దపు రచయిత థామస్ నాష్ మీదే. కానీ తనకు నచ్చనిదాన్ని అర్థం చేసుకోకుండా వదిలేయడం కుదరదని అనుకున్నారు.

సుడిగుండంలో నావికుడు

సెయింట్ లూయిస్‌లో, ఆ తర్వాత కెనడాలోని విండ్సర్‌లో పనిచేసి, 1946లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సెయింట్ మైకేల్స్ కాలేజీలో చేరారు. అప్పటికే పెళ్లయింది. భార్య కొరిన్. తర్వాత్తర్వాత ఆరుగురు పిల్లలు. ఆచార్యుడి జీతంతో అంత పెద్ద సంసారం ఈదడం తేలికేం కాదు.

1951లో, 40 ఏళ్ల వయసులో తొలి పుస్తకం ‘ద మెకానికల్ బ్రైడ్’ వచ్చింది. ప్రకటనలు, కామిక్స్, పత్రికల పేజీలను ఒక్కొక్కటిగా ముందుంచి విశ్లేషించిన 59 చిన్న వ్యాసాలవి. పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ పుస్తకం ముందుమాటలో ఆయన ఎడ్గార్ అలెన్ పో రాసిన ఒక కథను గుర్తుచేశారు. అందులో ఒక నావికుడి పడవ భయంకరమైన సుడిగుండంలో చిక్కుకుంటుంది. భయంతో చేతులెత్తేయకుండా, చుట్టూ తిరుగుతున్న వస్తువుల్లో ఏవి త్వరగా మునుగుతున్నాయి, ఏవి ఆలస్యంగా మునుగుతున్నాయి అని అతను గమనిస్తాడు. పీపా ఆలస్యంగా మునుగుతుందని కనిపెట్టి, దానికి తనను కట్టుకుని నీళ్లలోకి దూకి బతికిపోతాడు.

రోజూ గంటల తరబడి రీల్స్ స్క్రోల్ చేసే మీకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. సుడిలో అందరం ఉన్నాం. తిరుగుడును గమనించేవాళ్లే తక్కువ. మీడియాను చదవడమంటే ఆ గమనించే పని నేర్చుకోవడమే. మూడు నెలల ఎడిటింగ్ కోర్సు ఇవ్వలేనిది, మంచి యూనివర్సిటీ చదువు ఇవ్వాల్సింది అదే.

విషయం కాదు.. వాహకం చూడండి

టొరంటోలో హెరాల్డ్ ఇన్నిస్ అనే ఆర్థికవేత్త ఉండేవారు. రాతి మీద రాసే సామ్రాజ్యానికి, కాగితం మీద రాసే సామ్రాజ్యానికి తేడా ఏమిటనే దిశలో ఆలోచించిన మనిషి. ఆయన రచనలు మెక్‌లూహన్‌కు దారి చూపాయి. 1953లో ఫోర్డ్ ఫౌండేషన్ నిధులతో, మానవశాస్త్రవేత్త ఎడ్మండ్ కార్పెంటర్‌తో కలిసి సంస్కృతి, కమ్యూనికేషన్ మీద సెమినార్ మొదలుపెట్టారు. ఇంగ్లిష్, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, నగర నిర్మాణం.. ఇలా వేర్వేరు శాఖలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు.

వాళ్లు చేసిన ఒక ప్రయోగం వినండి. ఒకే పాఠాన్ని ఒకే సమయంలో నాలుగు విద్యార్థి బృందాలకు అందించారు. ఒక బృందం నేరుగా లెక్చర్ విన్నది. ఒకటి రేడియోలో విన్నది. ఒకటి టీవీలో చూసింది. మరొకటి అచ్చులో చదివింది. తర్వాత అందరికీ పరీక్ష పెట్టారు. చదివినవాళ్లకంటే టీవీ, రేడియో బృందాలే మెరుగ్గా రాశాయి. పాఠం ఒకటే, మాటలు అవే, ఫలితం మాత్రం వేరు. తేడా తెచ్చింది పాఠం మోసుకొచ్చిన వాహకం.

1962లో ‘ద గుటెన్‌బర్గ్ గెలాక్సీ’ వచ్చింది. అచ్చుయంత్రం పుస్తకాలను పెంచడమే కాదు, మనిషి ఆలోచించే తీరునే మార్చిందని అందులో వాదించారు. దానికి కెనడాలో ప్రతిష్ఠాత్మకమైన గవర్నర్ జనరల్ అవార్డు దక్కింది. మరుసటి ఏడాది టొరంటో విశ్వవిద్యాలయం ఆయన కోసం సంస్కృతి, సాంకేతికతల అధ్యయన కేంద్రాన్ని ప్రారంభించింది. కొన్నేళ్లకు అది క్యాంపస్‌లోని ఒక పాత గుర్రపు బగ్గీల షెడ్డులోకి మారింది. సోమవారం రాత్రి అక్కడ జరిగే సెమినార్ పేరు మోగిపోయింది.

ఇక 1964లో వచ్చిన ‘అండర్‌స్టాండింగ్ మీడియా’ సంగతి ఆసక్తికరం. దీని పునాది ఒక స్కూల్ సిలబస్! అమెరికాలోని విద్యా ప్రసార సంస్థల సంఘం కోసం, 11వ తరగతి పిల్లలకు మీడియా ఎలా నేర్పాలో సూచిస్తూ 1960లో ఆయన ఒక నివేదిక రాశారు. అదే పెరిగి పెద్దదై పుస్తకమైంది. దాని సారం ఇది: ప్రతి సాధనం మన శరీరానికో, ఇంద్రియానికో పొడిగింపు. చక్రం కాలికి, బట్ట చర్మానికి, పుస్తకం కంటికి పొడిగింపు. రైలు ఏ సరుకు మోసిందన్నది చిన్న విషయం. రైలు రావడం వల్ల ఊళ్లు, పనులు, తీరిక వేళలు ఎలా మారాయన్నది పెద్ద విషయం. మీడియా కూడా అంతే. దాంట్లో ఏముందో చూస్తూ కూర్చుంటే, అది మనల్ని ఏం చేస్తోందో కనబడదు.

పేరు వచ్చింది.. కష్టమూ వచ్చింది

ఆ పుస్తకంతో మెక్‌లూహన్ పేరు మారుమోగింది. టీవీ కార్యక్రమాలు, పత్రికల ముఖచిత్రాలు, పెద్ద కంపెనీల్లో ప్రసంగాలు. సొంత క్యాంపస్‌లో మాత్రం పెదవి విరిచినవాళ్లు తక్కువేం కాదు. ఆధారాలు చూపరని, ఒకదానికొకటి పొంతన లేకుండా రాస్తారని విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. సినిమా, రేడియో వేడి మాధ్యమాలనీ, టీవీ, టెలిఫోన్ చల్లని మాధ్యమాలనీ ఆయన చేసిన విభజన ఇప్పటికీ విద్యార్థులను తికమకపెడుతుంది. ఆయన చెప్పింది వేదవాక్కులా బట్టీ పడితే ఉపయోగం లేదు. ప్రశ్నలు లేవనెత్తే పనిముట్టుగా వాడుకోవాలి. ఆయన కోరుకున్నదీ అదే.

1967లో న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో ఏడాది పాటు పనిచేయడానికి వెళ్లినప్పుడు మెదడులో కణితి బయటపడింది. గంటల తరబడి శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని మళ్లీ టొరంటో క్లాసురూముకు వచ్చేశారు. 1977లో వుడీ అలెన్ సినిమా ‘యానీ హాల్’లో తన పాత్రలో తానే కనిపించారు. సినిమా టికెట్ క్యూలో ఒక మీడియా ప్రొఫెసర్ మెక్‌లూహన్ సిద్ధాంతాల గురించి గొప్పలు పోతుంటే, అసలు మెక్‌లూహనే వచ్చి నీకేమీ తెలియదని తేల్చేస్తారు. సిలబస్ అప్పజెప్పడం వేరు, అర్థం చేసుకోవడం వేరని చెప్పడానికి ఇంతకన్నా మంచి సన్నివేశం లేదు.

1979లో పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. జీవితమంతా మాటతోనే బతికిన మనిషి నాలుగు ముక్కలు కూడా పలకలేని స్థితికి చేరారు. ఆ మరుసటి ఏడాదే విశ్వవిద్యాలయం ఆయన కేంద్రాన్ని మూసేసింది. 1980 డిసెంబర్ 31న నిద్రలోనే కన్నుమూశారు. వయసు 69. పుస్తకాలు చదివేవాళ్లూ తగ్గారు. ఇంటర్నెట్ వచ్చాకే ప్రపంచానికి ఆయన మళ్లీ గుర్తొచ్చారు. 1993లో మొదలైన ‘వైర్డ్’ పత్రిక ఆయన్ను తన ఇలవేల్పుగా ప్రకటించుకుంది. టొరంటో విశ్వవిద్యాలయంలోనూ ఆయన పేరుతోనే ఆ అధ్యయనం మళ్లీ మొదలైంది.

నాలుగు ప్రశ్నలు.. మీ నోట్‌బుక్‌లో

చివరి రోజుల్లో కొడుకు ఎరిక్‌తో కలిసి చేసిన పని 1988లో ‘లాస్ ఆఫ్ మీడియా’ పేరుతో అచ్చయింది. ఏ కొత్త సాధనాన్నైనా నాలుగు ప్రశ్నలు అడగమంటుంది అది. ఇది దేన్ని పెంచుతోంది? దేన్ని పక్కకు నెడుతోంది? ఎప్పుడో మరుగునపడ్డ దేన్ని తిరిగి తెస్తోంది? హద్దు దాటితే దేనిగా తిరగబడుతుంది?

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌నే తీసుకోండి. గొంతును పెంచుతుంది. టైపింగ్‌ను పక్కకు నెడుతుంది. రాయడం రాని అమ్మమ్మకూ అందే నోటిమాటను తిరిగి తెస్తుంది. మరీ ఎక్కువైతే? గ్రూపులో ఎవరూ వినని మెసేజ్‌లు గుట్టలుగా పడతాయి. మాట్లాడుకోవడానికి వచ్చిందే వినకపోవడంగా మారుతుంది. చూశారా, పది నిమిషాల్లో ఒక చిన్న విశ్లేషణ తయారైంది. ఇలాంటివి వారానికొకటి రాసి దాచుకుంటే ఏడాదికి యాభై అవుతాయి. ఏ యాప్ వాడటం వచ్చని చెప్పే రెజ్యూమెలు వందల్లో ఉంటాయి. ఒక యాప్ జనాన్ని ఏం చేస్తోందో చెప్పగలిగే రెజ్యూమె ఇంటర్వ్యూ చేసేవారి కంట పడుతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ పీజీకి సాధారణంగా ఏ డిగ్రీ చదివినవారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. బీటెక్ చేశామని, తెలుగు సాహిత్యం చదివామని వెనకాడకండి. మెక్‌లూహన్ ఇంజినీరింగ్ వదిలి సాహిత్యానికి, అక్కడి నుంచి మీడియాకు వచ్చారు. పాత చదువులో ఏదీ ఆయనకు వృథా పోలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఈ రోజు మీరు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఐదేళ్ల తర్వాత ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఈ నాలుగు ప్రశ్నలు మాత్రం తర్వాత ఏ సాధనం వచ్చినా పనికొస్తాయి. మీరు రోజూ ఎక్కువసేపు వాడే యాప్ ఏదో చూడండి. మొదటి విశ్లేషణ దాని మీదే రాయండి.