వెల్సుగారి బొమ్మల యుద్ధము

హెచ్. జి. వెల్సుగారు 1866వ సంవత్సరమున ఇంగ్లండునందలి బ్రోమ్లీ పట్టణమున నొక చిన్న దుకాణదారుని యింట జన్మించిరి. బాల్యమున కాలు విఱిగి మంచము పట్టిన దినములలో వారికి గ్రంథపఠనమం దాసక్తి కలిగెను. బట్టల యంగడిలో పని నేర్చి, పిదప నుపాధ్యాయులై, తుదకు ప్రఖ్యాత గ్రంథకర్తలైరి.

వారికి కుమారు లుండిరి. ఇంట నేలపై నాడు నాటలను గూర్చి 1911లో నొక పుస్తకమును, సీసపు సైనికుల యుద్ధక్రీడా నియమములతో 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమును ప్రకటించిరి. వంతునకు కాలిబంటు ఒక యడుగు, గుఱ్ఱపురౌతు రెండడుగులు నడచును. బొమ్మఫిరంగి కొయ్యముక్కలను విసరును. నిజమైన యుద్ధ మెంత యవివేకమో యీ యాట తెలుపునని వారి భావము. మఱుసటి యేడు, 1914లో, ప్రపంచయుద్ధమే సంభవించెను. వారు 1946లో గతించిరి.

మన నేలకొండపల్లి యిండ్లలో సీసపు బొమ్మలు లేకున్న నేమి? బంకమట్టి బంట్లును అడుగుబద్దయు నున్న చాలును. తలిదండ్రులు పిల్లలతో గూడి యాడవచ్చును. ఓడినవాడును నవ్వుచు లేచునట్టి యుద్ధమే గృహమునకు శోభ యని మేము తలంచెదము.